సబ్బు నురగలో ఒక బుడగ

కిందటి నెలలో ఒకావిడ సీఎన్‌జీ మీద, అంటే ఒత్తిడితో కుదించిన సహజవాయువు మీద నడిచే కారు తీసుకుని మా షెడ్డుకి వచ్చింది. "అన్నా, గ్యాస్ కొట్టించిన రోజు మాత్రమే వాసన వస్తోంది. మర్నాటికి తగ్గిపోతుంది. కిట్ వేసినవాళ్లకి చూపిస్తే కొత్తలో అంతే, అలవాటైపోతుందన్నారు. నాలుగు నెలలైంది, నాకైతే అలవాటు కాలేదు" అంది. వెనక సీట్లో పసిపిల్లల సీటు ఒకటి బిగించి ఉంది. చేతిలో ఉన్న బండి పక్కన పెట్టేసి ముందు దాన్ని చూశాను.

నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి కాసేపు గాలాడనిచ్చాను. ప్రెషర్ మీటర్ 190 బార్ చూపిస్తోంది, నిండుగా ఉంటే 200, అంటే అప్పుడే కొట్టించుకొచ్చింది. నా దగ్గర కూతపెట్టే లీక్ డిటెక్టర్ ఉంది. గ్యాస్ ఉందో లేదో అది చెబుతుంది. ఏ జాయింటు దగ్గర అనేది కచ్చితంగా చూపించేది మాత్రం సబ్బునీళ్లే. చిన్న బ్రష్షుతో నురగ తీసి ఒక్కొక్క జాయింటు చుట్టూ పూస్తూ వచ్చాను. ఫిల్లింగ్ వాల్వ్ దగ్గర ఏమీ లేదు. గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్ దగ్గర ఏమీ లేదు. సిలిండర్ వాల్వ్‌లోకి స్టీలు పైపు దిగే చోట పూసి చూస్తూ కూర్చున్నాను. ఐదారు సెకన్లు ఏమీ కనిపించలేదు. తర్వాత నట్టు అంచున ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. మెల్లగా మిరియం గింజంత అయింది, పగిలింది, అదే చోట ఇంకోటి మొదలైంది.

"ఇదా?" అంది ఆవిడ, వంగి చూస్తూ.

"ఇదేనమ్మా."

గ్యాస్ మొత్తం ఖాళీ చేశాక ఆ జాయింటు విప్పాను. పైపు చివర ఫెరూల్ అని ఉంగరంలాంటి చిన్న ముక్క ఉంటుంది. నట్టు బిగించినప్పుడు అది పైపుని గట్టిగా కరుచుకుంటుంది. ఒకసారి కరిచాక అది ఆ పైపుదే, ఆ చోటిదే. ఇక్కడ ఎవరో విప్పి, కొంచెం పక్కకి ఒరిగి ఉన్నా పట్టించుకోకుండా దాన్నే మళ్లీ బిగించారు. ఒక పక్క లోతుగా కరిచింది, రెండో పక్క గీత కూడా పడలేదు. పైపు చివర కోసేసి కొత్త ఫెరూల్ వేశాను. సరే, లీకు కారణం అది. మరి వాసన కారులోకి ఎందుకు వచ్చింది? సిలిండర్ వాల్వ్ మీద రబ్బరు తొడుగు ఒకటి ఉండాలి. దానికి రెండు లావు గొట్టాలు, అవి బండి అడుగున బయటికి తెరుచుకోవాలి. వాల్వ్ దగ్గర ఏ కాస్త గ్యాస్ పోయినా లోపల నిలవకుండా బయటికి వెళ్లడానికే ఆ ఏర్పాటు. ఈ కారులో ఆ తొడుగు విప్పి స్టెప్నీ కింద పడేశారు, సామాను పెట్టుకోవడానికి అడ్డం వస్తోందని.

పదిహేడేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. పెట్రోల్ బళ్లకి సీఎన్‌జీ కిట్లు వేయడం, వేసినవాటిని బాగుచేయడం. బండికి గ్యాస్ వేయించుకోవచ్చా అని నన్ను అడగని వారం ఉండదు. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతుంటాను. అదంతా ఒకచోట రాద్దామని ఇన్నాళ్లకి కూర్చున్నాను. నేను చెప్పేది చివరికి ఆ బుడగ దగ్గరికే వస్తుంది.

ముందు భయం సంగతి. "డిక్కీలో బాంబు పెట్టుకుని తిరగడమే కదా" అని చాలామంది అంటారు. సిలిండర్లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది, కొన్ని దేశాల్లో 250 దాకా నింపుతారు. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు. కాబట్టి ఆ భయం ఉత్తి అపోహేమీ కాదు. అయితే ఆ సిలిండర్‌ని కూడా ఆ లెక్క తెలిసే చేస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 200 బార్ స్టీలు సిలిండర్ 450 బార్ లోపు పగలకూడదు. ఒక మామూలు 60 లీటర్ల స్టీలు సిలిండర్ ఖాళీగానే దాదాపు ఒక మనిషి బరువు ఉంటుంది. అంత మందం ఉంది కనుకే అంత బరువు. మంటల్లో చిక్కుకుంటే సిలిండర్ పేలకుండా గ్యాస్‌ని బయటికి వదిలేసే సేఫ్టీ ప్లగ్ వాల్వ్‌కే ఉంటుంది. దానిలోని లోహం సుమారు 110 డిగ్రీల దగ్గర కరిగి దారి ఇస్తుంది.

గ్యాస్ స్వభావం కూడా మనకి కొంత సాయం చేస్తుంది. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. అది గాలికంటే తేలిక, సుమారు సగం బరువు. ఆరుబయట లీకైతే పైకి పోతుంది. ఎల్పీజీ అలా కాదు, గాలికంటే బరువు కాబట్టి నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. మీథేన్ దానంతటది అంటుకోవాలంటే 540 డిగ్రీల దాకా వేడి కావాలి. పెట్రోల్‌కి అందులో సగం చాలు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. అంతకు తక్కువైనా ఎక్కువైనా మండదు. దానికి సొంతంగా వాసన లేదు. మనం పట్టే ఆ కుళ్లు వాసన మెర్కాప్టన్ లాంటి గంధకపు పదార్థాలది, లీకు తెలియాలనే కలుపుతారు. గాలిలో గ్యాస్ మండే స్థాయికి ఐదో వంతు చేరేసరికే ముక్కుకి తెలిసేలా ఆ మోతాదు ఉంటుంది. అందుకే వాసనకి అలవాటు పడమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ముక్కు హెచ్చరిస్తుంటే దాన్ని నోరుమూసుకోమని చెప్పడం అది.

పైన చెప్పిన మంచి గుణాలన్నీ ఆరుబయటికి వర్తిస్తాయి. మూసిన డిక్కీలో, తలుపులు బిగించిన గ్యారేజీలో పైకి పోయిన గ్యాస్ కప్పు కింద ఆగిపోతుంది. అక్కడ 5 శాతం చేరడానికి ఎంతోసేపు పట్టకపోవచ్చు. వాసన వచ్చినప్పుడు లైటు స్విచ్ కూడా వేయకుండా ముందు తలుపులు తెరవాలి, సిలిండర్ వాల్వ్ చేత్తో మూసేయాలి. ఆ వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో కిట్ వేయించుకున్న ప్రతివాళ్లతో నా ఎదురుగా ఒకసారి తిప్పిస్తాను. సగానికి సగం మందికి అంతకుముందు ఎవరూ చూపించలేదు.

పెద్ద ప్రమాదాలు ఎక్కడి నుంచి వస్తాయంటే, నేను చూసినంతలో, తుప్పు నుంచి, తేదీ దాటిన టెస్టు నుంచి, సీఎన్‌జీకి పనికిరాని సిలిండర్‌ని సీఎన్‌జీకి వాడటం నుంచి. ఎల్పీజీ సిలిండర్లో మామూలుగా ఉండే ఒత్తిడి పది బార్ దరిదాపుల్లో ఉంటుంది. అలాంటిదాన్ని తెచ్చి ఇందులో 200 బార్ పట్టిస్తారా అని అడిగినవాళ్లు ఉన్నారు. అలా అడిగిన మనిషిని కూర్చోబెట్టి, కోసి పడేసిన పాత సీఎన్‌జీ సిలిండర్ ముక్క చేతికిచ్చి, దాని అంచు వేలితో తడిమి చూడమంటాను. తర్వాత ఇంకేమీ చెప్పక్కర్లేకుండానే వాళ్లకి అర్థమవుతుంది.

సిలిండర్ మెడ దగ్గర అచ్చు కొట్టిన అంకెలు ఉంటాయి. తయారైన నెల, ఏడు, పని ఒత్తిడి, ఎన్ని లీటర్లు పడుతుంది, ఖాళీ బరువు ఎంత, చివరి టెస్టు ఎప్పుడు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఇంజిన్ చప్పుడు వింటారు, రంగు చూస్తారు, ఆ అంకెలు చదవరు. దేశాన్ని బట్టి మూడేళ్లకో నాలుగేళ్లకో ఐదేళ్లకో సిలిండర్‌ని పరీక్షించాలని రూలు ఉంటుంది. ఎక్కువగా చేసే పరీక్ష నీళ్లతో. సిలిండర్‌ని నీళ్లతో నింపి, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లో ఇంకాస్త ఎక్కువో ఎక్కించి, ఎంత ఉబ్బిందో, ఒత్తిడి తీసేశాక ఎంతవరకు మళ్లీ తన రూపానికి వచ్చిందో కొలుస్తారు. తగినంతగా వెనక్కి రాని సిలిండర్ అలసిపోయినట్టు. నీళ్లే ఎందుకంటే, నీరు దాదాపు కుంచించుకోదు. పరీక్షలో పగిలినా చీలి కారుతుంది తప్ప గ్యాస్‌లా పేలదు. పరీక్షలో తప్పినదాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా కోసేస్తారు.

ఇక ఇంజిన్ సంగతి, నాకు ఇష్టమైన భాగం.

200 బార్ గ్యాస్‌ని ఇంజిన్ నేరుగా తాగలేదు. రెడ్యూసర్ దాన్ని సుమారు 2 బార్‌కి దించుతుంది. అంత ఒత్తిడి నుంచి ఒక్కసారిగా వ్యాపించిన గ్యాస్ చల్లబడుతుంది. ఎంతగా అంటే, పని చేస్తున్న రెడ్యూసర్ మీద మండుటెండలో కూడా మంచు పట్టగలదు. అందుకే ఇంజిన్ కూలెంట్ నీళ్లని గొట్టాలతో తెచ్చి రెడ్యూసర్ చుట్టూ తిప్పుతాం. ఇంజిన్ పెట్రోల్ మీద స్టార్టయి, నీళ్లు కాస్త వేడెక్కాకే గ్యాస్‌కి మారేది కూడా అందుకే. "నా బండి పొద్దున్నే గ్యాస్‌కి ఆలస్యంగా మారుతోంది, కిట్ పాడైందా?" అని అడిగేవాళ్లకి చెబుతున్నాను, పాడవలేదు, అది పని చేస్తున్న పద్ధతే అది. పాడైందని ఎప్పుడు అనుకోవాలంటే, ఘాటు రోడ్డు ఎక్కుతుండగా బండి నీరసించి ఆగిపోయి, బానెట్ ఎత్తితే రెడ్యూసర్ మీద తెల్లగా మంచు కనిపించినప్పుడు. అలా వచ్చిన బళ్లలో చాలావాటికి కూలెంట్ తగ్గి ఉంటుంది, లేదా గొట్టంలో గాలి పట్టి ఉంటుంది. నీళ్లు నింపి గాలి తీస్తే సరిపోయే పనికి రెడ్యూసర్ మార్చి పంపించినవాళ్లని నేను ఎరుగుదును.

పికప్ తగ్గుతుందా? తగ్గుతుంది. కిట్ వేసేవాడు తగ్గదని చెబితే నమ్మకండి. పెట్రోల్ ద్రవం, ఆవిరైనా ఇంజిన్ సిలిండర్లో పట్టే చోటు కొంచెమే, మిశ్రమంలో సుమారు 2 శాతం. మీథేన్ వాయువు, గాలితో కలిసినప్పుడు 9.5 శాతం చోటు అదే ఆక్రమిస్తుంది. అంతమేర గాలి తగ్గినట్టే, గాలి తగ్గితే బలం తగ్గినట్టే. పెట్రోల్ కోసం తయారైన ఇంజిన్లో దాదాపు పదో వంతు బలం పోతుంది. దీనికి మందు కూడా మీథేన్‌లోనే ఉంది. దాని ఆక్టేన్ 120 పైనే, పెట్రోల్‌ది 91, 95 ఆ చుట్టుపక్కల. అంటే నాకింగ్, అదే మిశ్రమం వేళకి ముందే పేలి ఇంజిన్ టకటకలాడటం, లేకుండా ఇంజిన్‌లో మిశ్రమాన్ని ఇంకా గట్టిగా నొక్కవచ్చు. మొదటి నుంచీ గ్యాస్ కోసమే కట్టిన ఇంజిన్ ఆ లాభం పూర్తిగా తీసుకుంటుంది. తర్వాత కిట్ తగిలించిన పెట్రోల్ ఇంజిన్‌కి ఆ అదృష్టం లేదు. మేం చేయగలిగింది మ్యాపింగ్, అంటే ఎప్పుడు ఎంత గ్యాస్ వదలాలో కిట్ కంప్యూటర్‌కి చెప్పే పట్టిక, సరిగ్గా చేయడం, మీథేన్ కాస్త నెమ్మదిగా మండుతుంది కాబట్టి స్పార్కుని కొంచెం ముందుకి జరపడం.

స్పార్క్ ప్లగ్గులు కూడా గ్యాస్ మీద త్వరగా అరుగుతాయి, ఎక్కువ ఓల్టేజి అడుగుతాయి. వాల్వులు కూర్చునే సీట్లు కొన్ని ఇంజిన్లలో పొడిబారి అరుగుతాయి, ఎందుకంటే పెట్రోల్ ఇచ్చే తడి, చల్లదనం గ్యాస్ ఇవ్వదు. అందుకే అప్పుడప్పుడు పెట్రోల్ మీద నడపమంటాను. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా బిగుసుకుపోకుండా ఉంటాయి. మంచి మాటేమిటంటే ఆయిల్. గ్యాస్ మీదే నడిచే బండి డిప్‌స్టిక్ లాగి చూడండి. వేల కిలోమీటర్లు తిరిగినా తేనె రంగులో ఉంటుంది, మసి లేదు. నేర్చుకునే రోజుల్లో మొదటిసారి అది చూసి, ఎవరో నిన్ననే ఆయిల్ మార్చారేమో అనుకున్నాను.

గ్యాస్ నింపుకోవడం గురించి నా పాత కస్టమర్ ఒకాయన ఉన్నాడు, నేను బాబాయ్ అంటాను. టాక్సీ నడుపుతాడు, రోజుకి 200 కిలోమీటర్లకి తక్కువ తిరగడు. ఒకసారి కోపంగా వచ్చాడు. "అబ్బాయ్, రాత్రి 200 కొట్టించాను, పొద్దున్నే చూస్తే 180. బండి కదల్లేదు. లీకు కాకపోతే ఇదేంటి?" అన్నాడు. సబ్బునీళ్లతో మొత్తం చూశాను, ఒక్క బుడగ లేదు. అప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. సైకిల్ పంపు కొడితే దాని అడుగు వేడెక్కినట్టే, గ్యాస్‌ని వేగంగా కూరినప్పుడు సిలిండర్ లోపల వేడెక్కుతుంది, ముప్ఫై నలభై డిగ్రీలు పెరగడం మామూలే. వేడి గ్యాస్ ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. రాత్రంతా చల్లారాక అదే గ్యాస్, అంతే బరువు, తక్కువ ఒత్తిడి చూపిస్తుంది. గ్యాస్ ఎక్కడికీ పోలేదు. అసలు పడాల్సినంత పడనేలేదు. "అంటే మీటర్ అబద్ధం చెప్పిందా?" అన్నాడు. అబద్ధం కాదు బాబాయ్, మీటర్ చెప్పేది ఒత్తిడి, నీకు కావాల్సింది కిలోలు. అప్పటి నుంచి ఆయన రసీదులో కిలోలు చూసి నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు. మీరూ అలాగే రాసుకోండి. కిలోకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందనేది నెలనెలా చూస్తే, ట్యూనింగ్ తప్పినా లీకు మొదలైనా ఆ అంకె ముందుగా చెబుతుంది.

బస్సుల డిపోల్లో రాత్రంతా నెమ్మదిగా నింపే పద్ధతి ఉంది. అలా నింపితే వేడి ఎక్కదు, సిలిండర్ నిండుగా పడుతుంది. మనకి అంత తీరిక ఉండదు, మూడు నిమిషాల్లో అయిపోవాలి. పైగా పైప్‌లైన్ లేని స్టేషన్లకి గ్యాస్ లారీల మీద, సిలిండర్ల వరుసల్లో వస్తుంది. నింపేకొద్దీ ఆ వరుసలో ఒత్తిడి పడిపోతుంది. క్యూలో చివర ఉన్నవాడికి 160 దాటదు. ఒక కిలో గ్యాస్‌లో సుమారు ఒకటిన్నర లీటర్ల పెట్రోల్‌కి సమానమైన శక్తి ఉంటుంది, సంతోషమే. కానీ లీటరు లెక్కన చూస్తే 200 బార్ దగ్గర కూడా పెట్రోల్ శక్తిలో నాలుగో వంతో, ఇంకొంచెం ఎక్కువో. డిక్కీ నిండా సిలిండర్ పెట్టినా పడేది పది కిలోల లోపు. చిన్న కారుకి 200 కిలోమీటర్లు దాటేసరికి మళ్లీ స్టేషన్ వెతుక్కోవాలి. ఈ ఇంధనానికి ఉన్న అసలు కష్టం ఇదే. 2024లో బజాజ్ సీఎన్‌జీ మోటార్‌సైకిల్ తెచ్చినప్పుడు నేను ముందుగా చూసింది సిలిండర్ ఎక్కడ పెట్టారనే. సీటు కింద పొడుగ్గా, పట్టేది 2 కిలోలు. చోటు కోసం ఎంత తంటాలు పడి ఉంటారో నాకు తెలుసు.

అందుకే, రోజుకి పదిహేను కిలోమీటర్లు తిరిగే మనిషి కిట్ వేయమంటే వద్దనే చెబుతాను. ఇంజిన్ వేడెక్కి గ్యాస్‌కి మారే లోపు ఆయన ఆఫీసు వచ్చేస్తుంది. అలాంటి తిరుగుడుకి చార్జింగ్ పెట్టుకునే చోటు ఉంటే బ్యాటరీ బండే మేలు, నా వ్యాపారానికి నష్టమైనా. రోజంతా ఒకే ఊళ్లో తిరిగే టాక్సీ, ఆటో, డెలివరీ వ్యాన్, బస్సు, వీటికి గ్యాస్ బాగా పనికొస్తుంది. దారిలోనే స్టేషన్ ఉండాలి, టెస్టు తప్పకూడదు.

గాలి గురించి చెప్పాలి. డీజిల్ పొగతో పోలిస్తే సీఎన్‌జీ బస్సు వదిలే మసి దాదాపు లేనట్టే. ఢిల్లీలో 1998లో సుప్రీంకోర్టు, న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో, బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించింది. గడువు 2001 మార్చి. గడువు దాటింది, గొడవలయ్యాయి, స్టేషన్ల దగ్గర మైళ్ల కొద్దీ క్యూలు నిలిచాయి, 2002 చివరికి గానీ అయిపోలేదు. ఆ కథలో నన్ను పట్టుకునేది ఆదేశం కాదు, ఆ క్యూలు. బళ్లు ముందు వచ్చి గ్యాస్ వెనక వస్తే జనం ఇంధనాన్నే తిట్టుకుంటారు. న్యూజిలాండ్‌లో ఇంకో రకంగా జరిగింది. చమురు సంక్షోభం తర్వాత 1979 నుంచి ప్రభుత్వం ప్రోత్సహించి, 1980లలో లక్షకు పైగా బళ్లు గ్యాస్‌కి మారాయి. తర్వాత సాయం ఆగింది, చమురు చవకైంది, కొన్నేళ్లలో స్టేషన్లు మూతపడి అంతా మాయమైంది. ఇటలీలో మాత్రం 1930ల నుంచీ మీథేన్ బళ్లు ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. తమ నేలలో గ్యాస్ దొరికింది, దానికి తగ్గ స్టేషన్లు, వర్క్‌షాపులు, చేయి తిరిగిన మెకానిక్కులు తరతరాలుగా ఉన్నారు. నాకు కిట్ పని నేర్పిన ఆయన వాడిన పనిముట్లలో సగం ఇటలీవే.

ఇప్పుడు మళ్లీ ఆ బుడగ దగ్గరికి వస్తాను. గ్యాస్ బండి వాతావరణానికి మంచిదని అందరూ అంటారు. ఎంత మంచిది? ఒక కిలో మీథేన్ పూర్తిగా మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంతే శక్తిని పెట్రోల్ నుంచి తీస్తే సుమారు మూడున్నర కిలోలు. అంటే ముప్పావు కిలో మిగులు, ఐదో వంతు పైమాటే. కానీ మండకుండా గాలిలోకి పోయిన మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో అయితే 80 రెట్లు. నేను కాగితం మీద వేసి చూశాను. కిలో గ్యాస్ కాల్చేటప్పుడు దారిలో 30 గ్రాములు లీకైందనుకోండి. 30 గ్రాములు ఇంటూ 28, అంటే 840 గ్రాములు. మనం మిగిల్చిన ముప్పావు కిలో అక్కడికక్కడే పోయింది. వందకి మూడు పాళ్లు లీకైతే, వాతావరణం వరకు, పెట్రోల్ మీద తిరిగినా ఒకటే. ఆ మూడు పాళ్లలో బావి దగ్గర పోయేది ఉంది, పైప్‌లైన్లో పోయేది ఉంది, కంప్రెసర్ దగ్గర పోయేది, ఇంజిన్లో మండకుండా సైలెన్సర్‌లోంచి పోయేది, నా చేతి కింద ఫెరూల్ దగ్గర పోయేది ఉన్నాయి. మీథేన్‌ని కాల్చేయడం, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి కూడా కష్టం, బాగా వేడెక్కితే గానీ చేతకాదు. అరిగిన కన్వర్టర్‌తో, తప్పు మ్యాపింగ్‌తో నడిచే గ్యాస్ బండి కంటికి శుభ్రంగా కనిపిస్తూనే మీథేన్ వదులుతుంటుంది.

ఈ లెక్క వేసిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అంతకుముందు లీకంటే నాకు మంట భయం ఒక్కటే. ఆ తర్వాత వాసనకి అందనంత చిన్న లీకు కూడా పనిలో తప్పే అనిపించడం మొదలైంది. అప్పటి నుంచి ఏ బండి వచ్చినా, ప్లగ్గు మార్చడానికి వచ్చినా సరే, బ్రష్షు ఒకసారి తిప్పకుండా పంపను.

గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా ముఖ్యం. పేడ, మురుగు, తడిచెత్త గాలి తగలకుండా కుళ్లితే వచ్చే బయోగ్యాస్‌లో సగానికి పైగా మీథేనే. దానిలోని కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ తీసేస్తే మన సిలిండర్‌లోకి నేరుగా పట్టించవచ్చు. స్వీడన్‌లో బళ్లకి పట్టే గ్యాస్‌లో అత్యధిక భాగం అలా తీసిందే. కిట్‌కి, ఇంజిన్‌కి తేడా తెలియదు. ఎలాగూ కుళ్లి గాలిలో కలవాల్సిన మీథేన్‌ని పట్టి బండి నడపడం అంటే నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆశ ఉన్న చోటు అదే.

దూరప్రయాణం లారీలకి ఎల్‌ఎన్‌జీ ఉంది. గ్యాస్‌ని మైనస్ 162 డిగ్రీలకి చల్లబరిస్తే ద్రవమై, ఆరువందల్లో ఒక వంతు చోటులో ఇమిడిపోతుంది. ట్యాంకుకి రెండు గోడలు, మధ్య శూన్యం, పెద్ద థర్మాస్ ఫ్లాస్కు అనుకోండి. నింపేటప్పుడు ముఖానికి కవచం, చేతికి మందపు గ్లవ్స్ లేకుండా దగ్గరికి రానివ్వరు. రోజూ తిరిగే లారీకి బాగుంటుంది. వారాల తరబడి నిలబెట్టేస్తే వేడెక్కి ఆవిరై బయటికి వదిలేయాల్సి వస్తుంది, మళ్లీ అదే మీథేన్. పైగా అంత చలిలో వాసన పదార్థం గడ్డకట్టుకుపోతుంది కాబట్టి ఎల్‌ఎన్‌జీకి వాసన కలపలేరు. అక్కడ ముక్కు పనికిరాదు, సెన్సర్లే దిక్కు. ఆ ట్యాంకుల పని నేనింకా నేర్చుకుంటున్నాను.

ఆవిడ కారు విషయానికి వస్తే, కొత్త ఫెరూల్, కొత్త పైపు ముక్క, తొడుగు దాని చోట, గొట్టాలు బండి కిందికి. సిలిండర్ పట్టీల్లో ఒకటి వదులుగా ఉంది, అదీ బిగించాను. గ్యాస్ కొట్టించుకుని రమ్మని, 200 దగ్గర మళ్లీ నురగ పూసి, ఇద్దరం ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాం. వెళ్లేముందు ఆవిడ ఆ బ్రష్షు, సబ్బునీళ్ల సీసా అడిగి తీసుకుంది. ఆరుబయట, ఇంజిన్ ఆపాకే చూడమని, బుడగ కనిపిస్తే తను బిగించకుండా వాల్వ్ మూసి నాకు ఫోన్ చేయమని చెప్పాను. మొన్న ఆదివారం ఫొటో ఒకటి పంపింది. మీటర్ 198, కింద జాయింటు చుట్టూ తెల్లటి నురగ. పెద్దది చేసి చాలాసేపు చూశాను. బుడగ లేదు.